కొత్త ఒంటికి కొత్త చొక్కా

గ్లేజు గది, పింగాణీ ఫ్యాక్టరీ
జూన్ 3

మిడతమ్మకి,

ఇందుమూలంగా సకల బంధుమిత్రులకూ, పనివారికీ, పనిలేనివారికీ తెలియజేయడమేమనగా: ఈ గ్లేజు గదిలో ముప్పై ఒక్క సంవత్సరాలుగా సేవలందిస్తున్న మీ మావయ్యగారి పైవరస ముందుపన్ను గత మంగళవారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు, ఎవరి ఒత్తిడీ లేకుండా, స్వచ్ఛందంగా పదవీ విరమణ చేసింది. దాని స్థానంలో ఏర్పడిన ఖాళీలోంచి ఇకమీదట గాలీ, నీళ్ళూ, అప్పుడప్పుడూ నిజాలూ వస్తూ పోతూ ఉంటాయి. ఈ విషయమై ఎవరూ నవ్వరాదు. నవ్వినవారిని వారం రోజులపాటు నేను నోరారా నవ్వుతూ పలకరించే శిక్ష విధించబడును.

మొదటి శిక్ష మీ అత్తకే పడింది. సాయంత్రం ఇంటికెళ్ళగానే నా మొహం చూసి చేతిలో గరిటె కింద పడేసుకుంది. సంచి మూతి ముడి చేత్తో విప్పకుండా నోటితో ఎందుకు లాగావని గంటసేపు చీవాట్లు పెట్టింది. చేతులు ఖాళీ లేవు, ఒక చేత్తో తోటి పనివాడి చెప్పు దాస్తున్నాను అని నిజం చెప్పాను. నిజం చెప్పినప్పుడే నన్నెవరూ నమ్మరు.

ఫోను చెయ్యనా అని రాశావు. వద్దు. గ్లేజు పూత నూరే ఈ గులకరాళ్ళ డ్రమ్ము పక్కన ఇన్నేళ్ళు నిలబడ్డ చెవులకి ఫోనులో నీ గొంతు కూడా డ్రమ్ము మోతలాగే వినిపిస్తుంది. ఉత్తరమైతే నీ గొంతు నేనే పెట్టుకుని చదువుకుంటాను, బాగుంటుంది.

అన్నట్టు, నీ పోయిన ఉత్తరంలో పదకొండు వాక్యాలున్నాయి. నాలుగు వాన గురించి. వాన గురించి అంత శ్రద్ధగా రాసిందంటే పిల్ల ఏదో దాస్తోందని మీ అత్త అంటోంది. నేను అనడం లేదు. నేను ఊరికే అడుగుతున్నాను. ఏం దాస్తున్నావు?

మీ మావయ్య
(ఒక పన్ను తక్కువ)


మూడో అంతస్తు, ప్రయోగశాల
జూన్ 19

మావయ్యా,

పన్నుకి నా సంతాపం. నవ్వాను. శిక్షకి సిద్ధంగా ఉన్నాను.

విచిత్రం చూడు, నేనిక్కడ రెండేళ్ళుగా కుస్తీ పడుతున్నది పళ్ళతోనే. నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. కాగితం మీద అక్షరాలు అచ్చేసే యంత్రం ఉంటుంది కదా, అలాంటిదే మా దగ్గరుంది. అయితే మా సిరా నల్లగా ఉండదు, తెల్లగా ఉంటుంది. గట్టి పింగాణీ పొడిని పొగకంటే సన్నగా నూరి, ఒక ద్రవంలో తేలుతూ ఉండేలా చేస్తాం. యంత్రం దాన్ని బొట్లుబొట్లుగా చిమ్ముతూ పొర మీద పొర వేస్తుంది. ఆ పొరల్ని కొలిమిలో కాలిస్తే పన్ను. చెప్పడానికి ఇంతే.

చిమ్మే రంధ్రాలు రెండువందల యాభై ఆరు. ఒక్కోటి వెంట్రుకలో సగం ఉంటుంది. అంత సన్నని దారిలో నలుసులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయంటే అక్కడే బిరడా పడిపోతుంది. అవి అంటుకోకుండా విడదీసే మందు వేస్తాం. నువ్వు గ్లేజులో వేసే జారుడు మందుకి చుట్టం అనుకో. తక్కువ వేస్తే పొడి నూరే మిల్లులోనే ముద్దవుతుంది. ఎక్కువ వేస్తే నురగొస్తుంది, నాలుగు రోజులకి సీసా అడుగున రాయిలా పేరుకుంటుంది. నలభై ఒక్క సార్లు కలిపాను. నలభై ఒక్కటీ పారబోశాను.

దాస్తున్నది ఇదీ. అక్టోబరు చివర పరీక్ష ఉంది. ఎనిమిది గంటలు ఆగకుండా అచ్చు వెయ్యాలి, ఒక్క రంధ్రం మూసుకుపోకూడదు. లేకపోతే యంత్రం పక్క గదివాళ్ళకి వెళ్ళిపోతుంది. మా ప్రయోగశాల పెద్ద, మేడమ్, మంచావిడే, కానీ ఆవిడ చేతిలో లేదు. నేను వేరే చోట కాగితాలు సరిచూసే ఉద్యోగానికి దరఖాస్తు నింపి సొరుగులో పెట్టాను. సంతకం ఒక్కటే తక్కువ.

ఒకటి అడుగుతాను. అమ్మ కూడా ఆ గదిలో గ్లేజే కలిపేది కదా. తను పోయేటప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. గోళ్ళ చుట్టూ ఆరిపోయిన తెల్లటి గీత గుర్తుంది. కొంగుతో నా మొహం తుడిస్తే మట్టి వాసన వచ్చేది, అది గుర్తుంది. పని దగ్గర తను ఏం మాట్లాడేదో ఒక్క ముక్క గుర్తులేదు. తను కలిపింది ఎప్పుడైనా పాడయ్యేదా? పాడైతే ఏం చేసేది?

మిడత


గ్లేజు గది
జూలై 2

మిడతా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రెండుసార్లు అర్థం కాక, రెండుసార్లు అర్థమయ్యి. నలభై ఒక్కటి పారబోశానని అంత దిగులుగా రాశావేం? నేను ఈ గదిలో పారబోసినవాటితో మన వీధంతా సున్నం కొట్టొచ్చు.

మీ అమ్మ సంగతి అడిగావు. విను.

నీకు అప్పటికి ఏడాది. ఆ వారం మూడు డ్రమ్ములు వరసగా పాడయ్యాయి. మూత తీస్తే గ్లేజు కారాల్సింది పోయి గడ్డలు గడ్డలుగా ఊడిపడింది. అప్పటి మేస్త్రికి కోపం వస్తే మీసం ఒక వైపే కదిలేది. ఆ వారమంతా కదులుతూనే ఉంది. మీ అమ్మ ఏడవలేదు. సంచుల మీద కూచుని డబ్బా విప్పి తాపీగా అన్నం తింది. నాలుగో రోజు డ్రమ్ము నింపి, కొలిచిపెట్టిన జారుడు మందులో సగమే పోసింది. మధ్యాహ్నం దాకా తిప్పించింది. అప్పుడు ఆపి, మిగిలిన సగం పోసి మళ్ళీ తిప్పమంది. సాయంత్రానికి గ్లేజు పట్టుబట్ట జారినట్టు జారింది.

ఇదేం పద్ధతి అక్కా అని అడిగాను. మీ అమ్మ చేతులు కడుక్కుంటూ చెప్పింది:

"రాయి పగిలినకొద్దీ దానికి కొత్త ఒళ్ళు వస్తుందిరా. కొత్త ఒంటికి కొత్త చొక్కా కావాలి. పొద్దున్నే అన్ని చొక్కాలూ ఇచ్చేస్తే తొడుక్కునే ఒళ్ళేదీ?"

అదీ సంగతి. నీ సీసాలో పనికొస్తుందో లేదో నాకు తెలియదు, నేను చదివింది ఏడో తరగతి, అదీ సగం కిటికీలోంచి. కానీ మీ అమ్మ మాట కాబట్టి రాశాను. సంతకం పెట్టడానికి తొందరపడకు. సొరుగు ఎక్కడికీ పోదు.

మావయ్య


మూడో అంతస్తు
జూలై 15

మావయ్యా,

మిల్లు ఆపేసి నీ ఉత్తరం మళ్ళీ చదివాను. మా పక్క బల్ల అతను ఏమైందని కూడా అడిగాడు.

అయితే నువ్వెవరో నాకు తెలుసు. డ్రమ్ములో ఒక లావుపాటాయన దొర్లుతూ ఉంటాడని, ఆయనకి ఆకలేస్తుందని చెప్పి, ఆరేళ్ళ పిల్ల చేత రోజూ సగం బిస్కెట్టు డ్రమ్ము పక్కన పెట్టించినవాడివి. ఆ బిస్కెట్లు ఎవరు తిన్నారో అత్త చెప్పేదాకా రెండేళ్ళు నాకు తెలియదు. పదో తరగతి ఫలితాల రోజు పత్రికలో నా నంబరు చూసి కూడా లేదని చెప్పి, నేను ఏడుపు మొదలుపెట్టాక మిఠాయి పొట్లం బయటికి తీసినవాడివి.

అందుకని అడుగుతున్నాను. ఇది మాత్రం ఆట కాదు కదా? అమ్మ నిజంగా ఆ మాట అందా? అనకపోతే ఇప్పుడే చెప్పు, కోప్పడను. అంటే మాత్రం ఒట్టు వెయ్యి. మళ్ళీ మొదటి నుంచి కలిపే ముందు నాకు తెలియాలి.

మిడత


గ్లేజు గది
జూలై 24

అనుమానపు మిడతకి,

ఒట్టు కావాలా? వేస్తున్నాను. నా పైవరస ముందుపన్ను మీద ఒట్టు. ఇంతకంటే ఆత్మీయమైన వస్తువు నా దగ్గర లేదు.

దీంతోపాటు ఒక పొట్లం పంపుతున్నాను. భయపడకు. తడి మట్టి ముద్ద కొరికి ఆరబెట్టాను. అది నా నోరు. ఆ మధ్యలో కనిపించే సందు ఖాళీ అయిన పదవి. నీ యంత్రం పళ్ళు అచ్చేసిన రోజున మొదటి పన్ను ఈ కొలతకి వెయ్యాలి. పక్కింటివాళ్ళకి వేశావని తెలిస్తే ఊరుకోను.

మట్టి కొరుకుతుంటే మీ అత్త చూసింది. వెళ్ళి ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. ముప్పై ఏళ్ళ కాపురంలో మనిషి అక్కడికి చేరుకుంటుంది.

కలుపు. మళ్ళీ పాడైతే మళ్ళీ రాయి.

మావయ్య


మూడో అంతస్తు
ఆగస్టు 27

మావయ్యా,

ముందు నీ మట్టి ముద్ద గురించి. మట్టి ఎండితే కుంచించుకుపోతుందని ముప్పై ఒక్క ఏళ్ళు మట్టిలో బతికినవాడికి ఎవరు చెప్పాలి? ఈ కొలత ప్రకారం నీకు పిల్లి నోరు ఉంది. మట్టి ఎంత తగ్గి ఉంటుందో లెక్క వేసి, మా పన్ను కొలిమిలో ఎంత తగ్గుతుందో కూడా కలిపి, కాగితం మీద నీ నోరు మళ్ళీ కట్టాను. మేడమ్ వచ్చి ఇదేంటని అడిగితే మావయ్య అన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు రాసినట్టే సగం మందుతో మొదలుపెట్టాను. రెండో గంటకే ముద్దయ్యి మిల్లు ఆగిపోయింది. ఆ రోజు నీ మీద వచ్చిన కోపం ఇక్కడ రాయను. ఇంటికెళ్ళి సొరుగులో కాగితం తీసి కలం కూడా పట్టుకున్నాను. అప్పుడు తట్టింది. మీ డ్రమ్ములో నూరేది ఇసుకంత నలుసులు. మా మిల్లులో నూరడానికి వేసే పూసలే ఇసుకంత ఉంటాయి. మా రాయి ఎంతో త్వరగా, ఎన్నో రెట్లు ఎక్కువగా పగులుతుంది. కొత్త ఒళ్ళు గంటగంటకీ వస్తుంటే మధ్యాహ్నం దాకా చొక్కా లేకుండా ఉంచితే అవి ఒకదాన్నొకటి పట్టుకోక ఏం చేస్తాయి?

మందుని ఆరు వంతులు చేశాను. గంటకో చెంచా తీసి నలుసుల సైజు కొలిచి, ఎంత కొత్త ఒళ్ళు వచ్చిందో లెక్కగట్టి, అంతకే చొక్కాలు ఇచ్చాను. నలభై ఆరోసారికి సీసాలో పోసి కిటికీ పక్కన పెట్టాను. ఇవాళ్టికి పన్నెండు రోజులు. అడుగున మడ్డి లేదు మావయ్యా. వంచితే పాలలా జారుతోంది.

ఇప్పుడు మా గదిలో ఎవరూ మందు అనడం లేదు. పక్క బల్ల అతను పొద్దున రాగానే చొక్కాలు వేశావా అని అడుగుతాడు. మేడమ్ కూడా అంటోంది. ఇన్నేళ్ళ తర్వాత అమ్మ మాట ఒకటి పదిమంది నోళ్ళలో తిరుగుతుంటే నాకు ఎలా ఉంటుందో నీకు రాయలేను. మిల్లు తిరిగేటప్పుడు తను నా వెనకాల నిలబడి ఉన్నట్టుంటుంది.

మిడత


గ్లేజు గది
సెప్టెంబరు 20

మిడతా,

నీ ఉత్తరం మీ అత్తకి చదివి వినిపించాను. చివరికొచ్చేసరికి ఆవిడ నా వంక ఒక రకంగా చూసింది. ఆ చూపు వల్ల నీకు జవాబు రాయడానికి మూడు వారాలు పట్టింది.

సంతోషం. చాలా సంతోషం. ఆరు వంతులు చెయ్యాలని కనిపెట్టింది నువ్వు. గంటగంటకీ కొలిచింది నువ్వు. అది గుర్తుపెట్టుకో. ఎవరో ఎప్పుడో ఏదో అన్నారని అంతా వాళ్ళకే కట్టబెట్టకు. పాతకాలం మాటలు చేతులు మారేటప్పుడు కొంచెం అటూ ఇటూ అవుతాయి.

ఇక్కడ కొత్త విశేషాలు లేవు. నవ్వడం తగ్గించాను.

పరీక్ష అయిన వెంటనే రాయి. బాగా జరిగినా రాయి, జరక్కపోయినా రాయి. జరక్కపోతే తిరిగి వచ్చెయ్యి, డ్రమ్ము దగ్గర లావుపాటాయన ఉద్యోగం ఖాళీగానే ఉంది.

మావయ్య


మూడో అంతస్తు
నవంబరు 4

మావయ్యా,

ఎనిమిది గంటల నలభై నిమిషాలు. రెండువందల యాభై ఆరులో ఒక్కటీ మూసుకుపోలేదు.

ఏడో గంటలో ఒక రంధ్రం వేసే గీత సన్నబడింది. నేను చూడలేక గోడ వైపు తిరిగి నిలబడ్డాను. మేడమ్ నా భుజం పట్టుకుని ఇటు తిప్పింది. గీత మళ్ళీ నిండుగా వస్తోంది. చిన్న గాలి బుడగ, అంతే. తర్వాత ఆవిడా నేనూ నేల మీద కూచుని చల్లారిపోయిన టీ తాగాం. యంత్రం మా గదిలోనే ఉంటుంది, ఇంకో మూడేళ్ళు. సొరుగులో కాగితం చింపేశాను.

అట్టపెట్టెలో దూది మధ్య ఉన్నది నీ పన్ను. రెండువేల పొరలు, కొలిమిలో ఒక రాత్రి, ఒక పగలు. ఇది నమూనా, నోట్లో పెట్టుకోకూడదు. ఈ వాక్యం కింద గీత గీశాను, చూడు. నోట్లో పెట్టుకునేది డాక్టరు దగ్గర విడిగా చేయించుకోవాలి.

ఇంకొకటి. ఈ పని గురించి వ్యాసం రాస్తున్నాం, వచ్చే నెల మొదటి వారంలో పంపిస్తాం. చివర్లో మేం ఎవరికి రుణపడి ఉన్నామో రాసుకోవడానికి రెండు వరసలు ఉంటాయి. అక్కడ అమ్మ పేరు వేస్తున్నాను. గ్లేజు కలిపే కార్మికురాలు అనీ, ఈ పద్ధతి తను చెప్పిన ఒక మాటలోంచి వచ్చిందనీ. చొక్కా మాట కూడా తన మాటగానే, పూర్తిగా వేస్తున్నాను. మేడమ్ ఒప్పుకుంది. అమ్మ పేరు అచ్చులో నేనెప్పుడూ చూడలేదు. ఆ మాట సరిగ్గా ఎలా అందో అక్షరం పొల్లుపోకుండా ఇంకోసారి రాసి పంపు.

మిడత


గ్లేజు గది
నవంబరు 15

అమ్మా మిడతా,

పన్ను చేరింది. గీత గీసిన వాక్యం చదివాను. చదివాకే నోట్లో పెట్టుకున్నాను. సరిగ్గా సందులో కూచుంది. అద్దంలో చూసుకుంటే మీ అత్తని పెళ్ళిచూపుల్లో చూడబోయినవాడు కనిపించాడు. తరవాత మీ అత్త చేతిలో పెట్టి దాచమన్నాను. ఆవిడ దాన్ని తీసుకెళ్ళి మీ అమ్మ ఫోటో ముందు పెట్టి వచ్చి, కాగితం, కలం నా ముందు పడేసింది. "రాయి" అంది.

నువ్వు ఒట్టు అడిగిన రోజు నేను ఊడిపోయిన పన్ను మీద వేశాను. ఊడిపోయినదాని మీద ఒట్టుకి బలం ఉండదని నా లెక్క. ఇప్పుడు నువ్వే కొత్తది పంపావు. దాన్ని చూస్తూ దాటవెయ్యడం నా వల్ల కావడం లేదు.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మూడు డ్రమ్ములు పాడవడం నిజం. నాలుగో రోజు డ్రమ్ము నింపింది మీ అమ్మ కాదు, నేను. మందు రెండు మగ్గుల్లో కొలిచి పెట్టుకున్నాను. ఒక మగ్గు పోశాను. రెండోది పొయ్యకుండానే మూత బిగించి తిప్పేశాను, ఎందుకంటే ఆ రోజు నాకు అంతకంటే ముఖ్యమైన పని ఉంది. మేస్త్రి కుర్చీ కాళ్ళలో ఒకదాన్ని అరంగుళం కొయ్యాలి. కోసి, అన్నం తిని, తిరిగి వచ్చి చూస్తే మగ్గు నిండుగా నన్నే చూస్తోంది. డ్రమ్ము ఆపి, ఆ మగ్గు పోసి, మళ్ళీ తిప్పాను. అదీ పద్ధతి. అదీ ప్రయోగం.

సాయంత్రం గ్లేజు చూసి గదంతా నోరు తెరిచింది. మేస్త్రి గ్లేజు చూడలేదు, డ్రమ్ము ఎన్ని గంటలు తిరిగిందో రాసే పుస్తకం చూశాడు. మధ్యలో ఆపినట్టు అందులో పడింది. అసలే మూడు డ్రమ్ములు పోయిన వారం, పైగా కుర్చీ కుంటుతోంది. నడుస్తున్న డ్రమ్ము ఆపినవాడు ఆ పూటే ఇంటికి పోవాలని రూలు. ఎవడు ఆపాడు అని అరిచాడు. ఆ డ్రమ్ము మీద పనిచేసేది మేమిద్దరం. నేను మీ అమ్మ మొహం చూశాను. మీ అమ్మకి ఏమీ తెలియదు. డ్రమ్ము ఆగిందనే తెలియదు. నా మొహం చూసింది. మీ నాన్న పోయి అప్పటికి ఆరు నెలలు. ఇంట్లో నువ్వు ఏడాది పిల్లవి. ఆ ఉద్యోగం ఒక్కటే ఆధారం. ఇవన్నీ నాకు తెలుసు, తనకి ఇంకా బాగా తెలుసు.

"నేనే" అంది.

మేస్త్రి మీసం కదిలింది. ఏదో అనబోయి గ్లేజులో వేలు ముంచాడు. మళ్ళీ ముంచాడు. రేపట్నుంచి నువ్వే కలుపు, ఇలాగే కలుపు అని చెప్పి కుంటి కుర్చీలోకి వెళ్ళి కూచున్నాడు. ఇంటికొచ్చాక మీ అమ్మ నా చెవి మెలిపెట్టి ఏం చేశావురా అని అడిగింది. చెప్పాను. కుర్చీ సంగతి దగ్గరికి వచ్చేసరికి నవ్వాపుకోలేక ఉయ్యాల్లో ఉన్న నిన్ను లేపేసింది. తరవాత ఏడేళ్ళు, చివరి దాకా అలాగే కలిపింది. అది ఎందుకు పనిచేస్తుందో తనూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తను పోయాక ఆ డ్రమ్ము నాకు వచ్చింది. రోజూ దాని పక్కన కూచుని ఆలోచిస్తూ, ఆలోచిస్తూ, ఎప్పటికో నాకు తట్టింది ఆ మాట.

జూన్‌లో నువ్వు అడిగింది గ్లేజు గురించి కాదు. మీ అమ్మ గొంతు అడిగావు. వెతికాను. ఆ గదిలో తను నా కోసం అన్నది ఒక్క మాటే నా దగ్గరుంది, రెండక్షరాలు. అంత చిన్నది పంపితే నీకు సరిపోదనుకున్నాను. దాన్ని ఎందుకు అందో చెప్పాలంటే మగ్గు సంగతి, నా పిరికితనం సంగతి కూడా చెప్పాలి. అందుకని పెద్దది ఒకటి చేసి పంపాను.

నీ వ్యాసం చివర మీ అమ్మ పేరు ఉంచు. ఆ డ్రమ్ము తన పేరు మీదే తిరిగింది. కానీ తన నోట లేని మాట తన పేరు కింద అచ్చు వెయ్యకు. మిల్లు తిరిగేటప్పుడు వెనకాల నిలబడి ఉన్నట్టుంటుందని రాశావే, అందులో అబద్ధం ఏమీ లేదు. ఆవిడ నిలబడే రకమే. నేను చూశాను.

మరి ఆ చొక్కాలు కుట్టిందెవరు, అక్క కూతురితో ఇన్ని నెలలు ఆడుకున్నదెవరు అని అడుగుతావు. అడుగు. ఈసారి ఎవరి మొహమూ చూడను.

నేనే.

మీ మావయ్య